వారానికి ఇరవై ఎనిమిది మాత్రలు

"మూడు రోజుల్నించీ ఒకటే పాట పాడతన్నావు కోడలా! అమ్మోరు ఇంట్లో ఉండగా మాత్రలేటి? తప్పు కాదేటి?"

"అమ్మోరు పోసినాది గుంటకి అత్తా, ఈయనకి కాదు కదా! ఈయన మాత్రలు కాలవలో ఎందుకు పారబోసినావు?"

"ఇల్లంతా ఒకటే. పోపు కూడా ఎయ్యకుండా వొండుకుంతన్నాం. మాత్రలు మటుకు మింగొచ్చేటి? తల్లికి కోపం రాదేటి?"

ఖరగ్‌పూర్ ఊళ్ళో నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. తొమ్మిదేళ్ళ రత్నానికి బుధవారం ఒళ్ళంతా ఆటలమ్మ పొక్కులు లేచాయి. ఆ పూటే నాయనమ్మ జోగమ్మ ఇంట్లో ఉన్న మందులన్నీ, తలనొప్పి బిళ్ళతో సహా, కాలవలో పోసి చేతులు కడుక్కుంది. ఇవాళ శుక్రవారం. పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి, నవంబరు. పొద్దున్న పది గంటలు. అత్తాకోడళ్ళ తగవు ఇంకా తెమలలేదు.

"ఆ మాత్రల్లేక ఈయన నిన్నట్నించీ లెగలేకపోతన్నాడు. సూడవేటి?" అంది కోడలు సత్యవాణి.

"లెగకపోతే రెండ్రోజులు పడుకుంతాడు. మొగం సూడు, పున్నం సెందురుడిలాగున్నాడు. నా సేతి సేపల పులుసు తిని మనిషైనాడు."

"అది ఒళ్ళు కాదత్తా, వాపు. కాళ్ళు సూసినావా? పుల్లలు. బలిసినోడికి కాళ్ళు బలవవేటి?"

మంచం మీదనుంచి లక్ష్మీపతి తల ఎత్తాడు. అతను కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్. ఏ రైలు ఏ నిమిషానికి ఎక్కడ ఉండాలో చెప్పే మనిషి. ఇప్పుడు చెంబెడు నీళ్ళు ఎత్తలేకపోతున్నాడు.

"అమ్మా... ఒక్కటైనా దాసినావేటి?"

"లేదు నాయనా. తల్లికి దణ్ణం ఎట్టుకో."

అప్పుడే వీధి గుమ్మంలో కేక వినిపించింది. "టీకాలమ్మా!"

జోగమ్మ పరుగున వెళ్ళి తలుపు మూయబోయింది. వేపమండ కట్టిన ఇంట్లోకి టీకాల మనిషిని ఎవరూ రానివ్వరు. కానీ తలుపు పడలేదు. సందులో ఒక నల్ల గొడుగు మొన ఇరుక్కుని ఉంది.

"దణ్ణం పెద్దమ్మా. సూది వెయ్యను. పేర్లు రాసుకుని పోతాను" అంటూ ఎస్తేరమ్మ లోపలికి వచ్చేసింది.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. నేత చీర, గుడ్డ సంచీ, భుజాన థర్మాస్ ఫ్లాస్క్. ఇలాంటి ఆడమనిషి మొహం ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆమె మటుకు లక్ష్మీపతిని నాలుగు సెకన్లు చూసింది. గుండ్రని మొహం, మెడ వెనక కొవ్వు ముద్ద, సన్నబడిన చేతులు, ఆ చేతుల మీద తగలకుండానే కమిలిన నీలి మచ్చలు.

'దొరికావు' అనుకుంది.

ఎస్తేరమ్మ టీకాల మనిషి కాదు. ఆ ఫ్లాస్క్‌లో పైన సగం మంచు, కింద సగం వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్ నేమ్ 'దూది'.

*

ముందురోజు ఖరగ్‌పూర్ స్టేషన్ రిటైరింగ్ రూమ్‌లో ఆమెకు బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ సుబ్బరాజు కట్‌లెట్ తింటూ మాట్లాడాడు.

"మూడు మిలిటరీ స్పెషల్ రైళ్ళు. మూడింటి టైమూ సరిహద్దు అవతలికి ముందే తెలిసింది. మూడోదాంట్లో పదకొండుమంది జవాన్లు పోయారు. ఆ టైములు తెలిసేది కంట్రోల్ ఆఫీసులో నలుగురికి."

"మన ఆర్థర్ చూస్తున్నాడు కదా సార్ ఆ కేసు?"

"చూశాడు. పోయిన వారం యార్డులో రెండు వ్యాగన్ల బఫర్ల మధ్య నలిగి దొరికాడు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. జేబులో ఇది ఉంది."

బల్ల మీద ఒక చిన్న తెల్ల మాత్ర.

"ల్యాబ్ ఏమంది?"

"ప్రెడ్నిసొలోన్. స్టెరాయిడ్. పైనున్న గుర్తు ఆకురాయితో గీకేశారు."

ఎస్తేరమ్మ పూర్వం మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. మాత్రను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "గోల్‌బజార్‌లో పావలా పెడితే దొరుకుతుంది. దీన్ని గీకడం ఎందుకు?"

సుబ్బరాజు కట్‌లెట్ ఇంకో ముక్క కోశాడు. జవాబు ఆమే చెప్పుకుంది. "మింగేవాడికి అది తెలియకూడదు. అంతే."

"నలుగురిలో ఈ మాత్ర ఎవరు మింగుతున్నాడో కనుక్కో. రేపు మధ్యాహ్నం రెండు నలభైకి నాలుగో స్పెషల్. నిండా అమ్యూనిషన్. ఫ్రంట్‌కి వెళ్ళి తీరాలి, ఊరికే ఆపడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. బాంబు ఎక్కడో తెలిస్తేనే ఆపుతాను. ఊళ్ళో ఇందా పేటలో ఒక క్లినిక్ మీద అనుమానం. అక్కడి నర్సు చంద్రకళ మన ఇన్ఫార్మర్. ఆర్థరే కుదిర్చాడు."

"కుదిర్చి చచ్చిపోయాడు" అంది ఎస్తేరమ్మ. "ఆ మాత్ర మింగేవాడు నా చేతుల్లో పడిపోతే?"

"చావనివ్వకు." సుబ్బరాజు నాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు. "కానీ తొందరపడకు."

*

పొద్దున్నే మూడిళ్ళు చూసి వచ్చింది. ఇది నాలుగో ఇల్లు.

జోగమ్మను పిల్ల దగ్గర విసరమని లోపలి గదిలోకి పంపింది. సత్యవాణిని నీళ్ళు కాచమంది. మంచం పక్కన స్టూలు లాక్కుని లక్ష్మీపతి చేతికి బీపీ పట్టీ చుట్టింది. ఎనభై, యాభై. అతను పక్కకి వంగి పచ్చటి పసరు కక్కాడు. ఒళ్ళు చల్లగా, జిడ్డుగా ఉంది.

ఎస్తేరమ్మ సంచీలోంచి హైడ్రోకార్టిసోన్ తీసింది. సిరంజిలో నింపింది. దాన్ని అతనికి కనబడేలా స్టీలు పళ్ళెంలో పెట్టింది. పెట్టి, చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది.

"అదేటి?" అన్నాడతను.

"నీ ప్రాణం. గంటలో లేచి కూర్చుంటావు. స్పెషల్ టైము ఎవరికి పంపావో, ఎలా పంపావో చెప్పు."

అతని కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత మూసుకున్నాడు. "నువ్వెవులో నాకు తెలీదు. నాకేటీ తెలీదు."

"నీకు తెలియనిదొకటి చెప్తాను, విను. నీ తలలో ఒక కంట్రోల్ ఆఫీసు ఉంది. మూత్రపిండాల మీద టోపీల్లాగ రెండు చిన్న గ్రంథులు ఉన్నాయి. అవి యార్డు అనుకో. ఒంట్లో దెబ్బో, జ్వరమో, భయమో వస్తే కంట్రోల్ ఆఫీసు యార్డుకి ఫోను చేస్తుంది. యార్డు ఒక హార్మోన్ పంపుతుంది. అది ఒంట్లో ప్రతి కణం లోపలికీ వెళ్ళి, అక్కడి ఆర్డర్లు తిరగరాస్తుంది. వాపు ఆపు, రక్తంలోకి చక్కెర వదులు, బీపీ నిలబెట్టు అని. అదే సరుకు మీ డాక్టరు మాత్రల్లో పోస్తున్నాడు. రోజుకు ఎన్ని? ఎన్నాళ్ళయింది?"

"రోజుకి నాలుగు. మూడేళ్ళయినాది. మోకాళ్ళ నొప్పులకి."

"మూడు రోజుల్లో నొప్పి పోయింది కదూ? దేవుడనుకున్నావు. బయటినుంచి అంత సరుకు వస్తుంటే నీ కంట్రోల్ ఆఫీసు యార్డుకి ఫోను చెయ్యడం మానేసింది. యార్డు తుప్పు పట్టింది. ఇప్పుడు మీ అమ్మ ఆ మాత్రలు కాలవలో పోసింది. ఫోను మోగుతోంది లక్ష్మీపతీ. ఎత్తేవాడు లేడు."

అతను పళ్ళెం వైపు చెయ్యి చాచాడు. ఎస్తేరమ్మ పళ్ళాన్ని జానెడు దూరం జరిపింది.

"సెప్తే... డాక్టర్‌బాబు మరి మాత్రలియ్యడు. ఇంకెక్కడా దొరకవు అవి. ఫారిన్ మందు. ఓసారి ఆపి సూపించినాడు. సచ్చి బతికినాను."

"చెప్పకపోతే సాయంత్రానికి చచ్చి ఊరుకుంటావు, పోయిన స్పెషల్‌లో పదకొండుమంది జవాన్లు చచ్చినట్టే."

పన్నెండు దాటింది. పన్నెండున్నర. అతని పెదాలు నల్లబడ్డాయి. నాడి వేళ్ళకు దారంలా తగులుతోంది. ఎస్తేరమ్మ ఇలాంటి పనులు ముందూ చేసింది. కానీ చేతులు ఒళ్ళో అలా ముడుచుకు కూర్చోవడం ఎప్పుడూ అలవాటు కాలేదు. ఇంక లాభం లేదనుకుని సిరంజి చేతిలోకి తీసుకుంది.

ఆ చెయ్యిని ఎవరో పట్టుకున్నారు.

సత్యవాణి. వేడినీళ్ళ గిన్నె గడప దగ్గర పెట్టి ఎంతసేపట్నించి నిలబడి ఉందో.

"ఆగండి నర్సమ్మా" అంది మెల్లిగా. "ముందర సెప్పనీ."

లక్ష్మీపతి భార్య మొహం చూశాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆ మొహం ఎప్పుడూ చూడలేదు.

"వాణీ..."

"పొద్దున్న సీసా ఇచ్చి, 'ఈయాలే ఎల్లు, ఈయాలే ఎల్లు' అని తరిమినావు. మంగళారం కాకుండా శుక్రారం ఎందుకని అడిగితే కసిరినావు. ఆ సీసాలో ఏటుంది?"

అతను ఏడ్చాడు. ఏడవడానికి కూడా బలం లేక గొంతులోంచి గీరినట్టు శబ్దం వచ్చింది.

"సీసాలో ఏటీ లేదు. కాయితం..."

డాక్టర్‌బాబు మాత్రలతోపాటు ఎర్రమందు సీసా ఇస్తాడు. దాని మీద డోసుల గాట్లు కత్తిరించిన కాగితం అంటించి ఉంటుంది. ఖాళీ సీసా తిరిగి పంపేటప్పుడు లక్ష్మీపతి తన కాగితం అంటిస్తాడు. ఎడమ అంచున గాట్లు గంటలు. కుడి అంచున ఒక్కో గాటూ పది నిమిషాలు. ఇవాళ్టి సీసాకి ఎడమ రెండు, కుడి నాలుగు.

"నానే మోసినాను" అంది సత్యవాణి. తనతో తనే అన్నట్టు అంది. "ప్రతీసారీ నానే. పోయినసారి రత్నం పట్టుకుంటానని ఏడిస్తే దాని సేతికిచ్చినాను. రెండు సేతుల్తో పట్టుకుని నడిసింది, పగిలిపోద్దని."

ఆమె ఎస్తేరమ్మ చెయ్యి వదిలేసింది. సూది నరంలోకి దిగింది.

"బాంబు ఎక్కడ?"

"తెలీదు. ఒట్టు. టైము వొరకే నాది. పనైపోయాక నాలుగింటికి మాత్రలిస్తానని వాణితో సెప్పి పంపినాడు."

*

ఇందాలో మిఠాయి దుకాణం పైన, బోర్డు లేని క్లినిక్. లక్ష్మీపతి నాడి నిలబడేదాకా ఆగి వచ్చేసరికి రెండు గంటల పది. మెట్లెక్కిన ఎస్తేరమ్మకు ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత చంద్రకళ కనిపించింది.

నైలాన్ చీర, కనుబొమల దాకా పౌడరు, సినిమా పోస్టర్ మీద ఉండాల్సిన నవ్వు. కింది మిఠాయి పొయ్యిల ఉక్కలోనూ మణికట్ల దాకా చేతుల జాకెట్టు. బల్ల కింద నుంచి ఆమె చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది.

"సంచీ కింద పెట్టండి ఆంటీ. సుబ్బరాజుగారు టీకాల వేషంలో ఒకర్ని పంపుతారని నాకు తెలుసు. నేను మీ ఇన్ఫార్మర్ని కదా!"

"వాళ్ళకి కూడానా?"

"జీతం రెండుచోట్ల వస్తే ఎవరు వద్దంటారు? గట్టిగా మాట్లాడకండి. డాక్టర్‌బాబు అన్నం తిని పడుకున్నారు. మధ్యలో లేపితే చిరాకు."

ఎస్తేరమ్మ పిస్తోలును చూడలేదు. పౌడరు కింద బుగ్గల్ని చూసింది. ఆ గుండ్రం ఇందాక నిమ్‌పురాలో చూసినదే.

"ఆస్తమాకా, కీళ్ళకా?"

నవ్వు ఆగిపోయింది.

"జాకెట్టు చేతులు అంత పొడుగెందుకమ్మా? ముట్టుకుంటే కములుతోందా?"

"...ఆస్తమా. రెండేళ్ళు." పిస్తోలు మటుకు కదల్లేదు. "ఈ మందు బాబు దగ్గర తప్ప ఇండియాలో ఎక్కడా లేదు. మీరేం చెప్పినా లాభం లేదు."

ఎస్తేరమ్మ రెండు వేళ్ళతో సంచీలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. లేబుల్, కంపెనీ పేరు, కిందనే గోల్‌బజార్ మందుల దుకాణం రసీదు. పక్కన ఆర్థర్ జేబులో దొరికిన మాత్ర పెట్టింది.

"రెండూ నాలిక మీద పెట్టుకో. ఆ చేదు నీకు కొత్త కాదు."

చంద్రకళ రెండింటినీ మార్చి మార్చి చూసింది. సీసాలోంచి ఒక మాత్ర తీసి నాలికకు తాకించింది. తర్వాత గీకేసిన దాన్ని తాకించింది. మళ్ళీ మొదటిది.

"చేదు అదే" అంది.

రసీదు తీసి చదివింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత దగ్గు.

"బాబు మూడు రోజులు మాత్ర ఆపాడు ఆంటీ. మెట్ల మీద పాకాను. అప్పుడు ఆర్థర్‌ని యార్డుకి రమ్మని చీటీ రాశాను. వస్తూ నాకు బిస్కెట్ పాకెట్ తెచ్చాడు." రసీదు మీద వేలు పెట్టింది. "మాత్ర పావలాకా?"

"పావలాకే. బాంబు ఎక్కడ?"

"జక్‌పూర్ దాటాక చిన్న కల్వర్టు. టైమ్ బాంబు. రెండు యాభై ఎనిమిది."

చెప్పి, లోపలి గది తలుపు తీసుకుని వెళ్ళింది. గురక వినిపించింది. ఒక్క పిస్తోలు చప్పుడు. గురక ఆగింది. కింద మిఠాయి దుకాణంలో ఎవరో టపాకాయ అనుకుని తిట్టారు.

ఎస్తేరమ్మ ఫ్లాస్క్ అడుగు తిప్పింది. మంచు కరిగి నీళ్ళు అప్పటికే కిందికి దిగి, ట్రాన్స్‌మిటర్ చచ్చిపోయి ఉంది. డాక్టర్‌బాబు టెలిఫోన్ అందుకుంది. లైన్ కలవడానికి పావుగంట పట్టింది. కలిసే సరికి కంట్రోల్ ఆఫీసులో సుబ్బరాజు గొంతు బొంగురుపోయి ఉంది.

"దూదీ! స్పెషల్ రెండు నిమిషాలు ముందే వెళ్ళిపోయింది!"

"జక్‌పూర్ దాటనివ్వకండి సార్!"

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గోడ గడియారం చూసింది. రెండు యాభై. యాభై మూడు. అవతల ఎవరో బెంగాలీలో అరుస్తున్నారు. యాభై ఆరు. యాభై ఎనిమిదికి ఏమీ వినిపించలేదు. ఖరగ్‌పూర్‌కి అంత దూరం వినిపించదు.

మూడు గంటలకి సుబ్బరాజు మాట్లాడాడు. "జక్‌పూర్‌లో స్టార్టర్ సిగ్నల్ ఎర్రగా చేసి బండి ఆపారు. కల్వర్టు పోయింది. ఒక టెలిగ్రాఫ్ స్తంభం, ఒక మేక." ఆ వెంటనే అడిగాడు. "నీ పేషెంటు?"

"బతుకుతాడు."

"మంచిది. నాకు కావాలి."

*

తొమ్మిదో రోజు రత్నానికి వేపాకు నీళ్ళు పోశారు. అమ్మవారు దిగినట్టే. ఇంట్లో తొమ్మిది రోజుల తర్వాత పోపు చిటపటలాడింది.

ఎస్తేరమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని, చీఫ్ చెప్పమన్నది చెప్పింది. లక్ష్మీపతిని అరెస్టు చెయ్యరు. చేస్తే కంట్రోల్ ఆఫీసులో కుర్చీ ఖాళీ అవుతుంది, అవతలివాళ్ళకి తెలిసిపోతుంది. అతను కుర్చీలో కూర్చోవాలి. సీసాల మీద తాము చెప్పిన గాట్లు వెయ్యాలి. చంద్రకళ చచ్చిపోయిన డాక్టర్‌బాబు పేరుతో అతని వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చుని వాటినే అవతలికి పంపుతుంది.

ఆ తర్వాత చీఫ్ చెప్పొద్దన్నది కూడా చెప్పింది. ఆడదానికి ఆడది చెప్పినట్టు చెప్పింది. లేబుల్ ఉన్న సీసా చేతిలో పెట్టింది.

"ఇది బజార్లో దొరుకుతుంది సత్యవాణీ. అతనికి చెప్పొద్దన్నారు. నీకు చెప్తున్నాను. ఇలాగే ఏళ్ళ తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర జబ్బొస్తుంది, లోపల చీము పట్టినా జ్వరం రాదు. ఒక్కసారి మానితే చస్తాడు. కానీ నెలకి కాస్త కాస్త తగ్గించుకుంటూ పోతే ఏడాదికో, రెండేళ్ళకో ఆ గ్రంథులు మళ్ళీ మేలుకోవచ్చు. మనిషి మామూలవుతాడు."

సత్యవాణి పప్పు కలుపుతూ వింది.

"ఆ పదకొండుమందికీ పెళ్ళాలున్నారేటి?"

"ఆరుగురికి."

సత్యవాణి లేచింది. సీసాను నీళ్ళ గిన్నెలో పడేసింది. లేబుల్ నానాక గోటితో ఒలిచి పొయ్యిలో వేసింది. కత్తిపీట ముందు కూర్చుని మాత్రలు ఒక్కొక్కటీ తీసి, పైనున్న గుర్తు దాని అంచుకు గీకింది. ఇరవై ఎనిమిది. చీర కొంగుతో తుడిచి సీసాలో పోసింది. ఎస్తేరమ్మ చూస్తూ ఊరుకుంది.

అందరూ అన్నాలకి కూర్చున్నారు. లక్ష్మీపతి గోడకి ఆనుకుని, పున్నమి మొహంతో. రత్నం మచ్చల మొహంతో. జోగమ్మ కొడుకు కంచంలో రెండో చేపముక్క వేస్తూ.

సత్యవాణి మొగుడి అరచేతిలో నాలుగు మాత్రలు పెట్టింది. సీసాను కొంగున ముడేసి, ముడి బొడ్లో దోపుకుంది. గొంతు పెంచలేదు.

"అందరూ ఇనండి. అత్తా, నువ్వూ ఇను. ఇకమీద ఈ మాత్రలు నా కాడే ఉంతాయి. రోజూ నాలుగూ నానే ఇస్తాను. ఎవులూ ముట్టుకోవొద్దు, ఎవులూ తెచ్చే పని పెట్టుకోవొద్దు. ఇవి ఇంకెక్కడా దొరకవంట. తగ్గించడానికీ లేదంట."

లక్ష్మీపతి గుమ్మంలో నిలబడ్డ ఎస్తేరమ్మ వైపు ఆశగా చూశాడు. ఆమె గొడుగు పిడి చూసుకుంటోంది.

"నువ్వు పుట్టింటికెల్తేనో?" అన్నాడు, నీళ్ళు నమలుతూ.

"నానెక్కడికీ ఎల్లను" అంది సత్యవాణి. "అన్నం తిను."

ఎస్తేరమ్మ సంచీలో చీఫ్ సంతకం చేసిన కాగితం ఉంది. ఆ ఇంటి మీద నిఘాకి రాత్రింబవళ్ళు ఇద్దరు మనుషుల్ని పెట్టమని ఆర్డరు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, అనవసరపు ఖర్చని రాసి వెనక్కి పంపింది.